క్లౌడ్‌కి వెళ్తే ఖర్చు తగ్గుతుందా? ముందు మీ లోడ్ ఎలా ఉందో చూడండి

క్లౌడ్ అమ్మేవాళ్ళు ఆఫీసుకి వచ్చారంటే మొదటి స్లైడ్‌లోనే "మీ ఐటీ ఖర్చు ఇంత శాతం తగ్గుతుంది" అని ఉంటుంది. ఓనర్ ఆ శాతం చూసి సరే అంటాడు, లేకపోతే "మన లెక్కలన్నీ ఎవడి దగ్గరో ఎందుకు పెట్టాలి" అని వద్దంటాడు, రెండు సందర్భాల్లోనూ కాగితం మీద లెక్క మాత్రం ఎవరూ వెయ్యరు. అసలు క్లౌడ్ చవకా ఖరీదా అంటే అందరికీ పనికొచ్చే జవాబు లేదు. అదే రేటు కార్డు మీద ఒక కంపెనీ బాగుపడుతుంది, ఇంకో కంపెనీ డబ్బులు తగలేసుకుంటుంది, తేడా అంతా ఆ కంపెనీ సర్వర్ల మీద పని ఎప్పుడు ఎంత పడుతుంది అన్న దగ్గరే ఉంది.

ముందు క్లౌడ్ అంటే ఏంటో రెండు ముక్కల్లో. ఎవరో కట్టిన పెద్ద బిల్డింగుల్లో వేల సర్వర్లు ఉంటాయి, కరెంటు, ఏసీ, సెక్యూరిటీ, పాడైతే పార్టులు మార్చడం అంతా వాళ్ళ బాధ్యత, మనం నెట్ ద్వారా కావలసినంత వాడుకుని వాడిన దానికి కడతాం. సర్వర్లు అద్దెకివ్వడం కొత్త విషయం కాదు, హోస్టింగ్ కంపెనీలు చాలా ముందు నుంచీ నెలకో ఏడాదికో ఇస్తూనే ఉన్నాయి. 2006 మార్చిలో అమెజాన్ ఎస్3 అనే స్టోరేజ్ సర్వీసు, ఆగస్టులో ఈసీ2 అనే మెషిన్ల సర్వీసు తెచ్చినప్పుడు మారింది ఏంటంటే, ఎవరికీ ఫోన్ చెయ్యకుండా, అగ్రిమెంట్ లేకుండా, కార్డు నంబర్ కొట్టి నిమిషాల్లో మెషిన్ తీసుకోవచ్చు, పని అయిపోగానే వదిలెయ్యొచ్చు. అప్పట్లో ఒక చిన్న మెషిన్ రేటు గంటకి 10 సెంట్లు. నెలకి కాదు, గంటకి. 2011లో అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ క్లౌడ్‌కి ఒక నిర్వచనం రాసింది, అందులో ఐదు లక్షణాలు చెప్పింది, కానీ వ్యాపారం చేసేవాడికి పట్టించుకోవాల్సినవి రెండే: అవసరాన్ని బట్టి పెంచుకోవడం తగ్గించుకోవడం, వాడినంత వరకే మీటర్ తిరగడం.

ఖాళీ మెషిన్ తీసుకుని అన్నీ మనమే పెట్టుకుంటే ఐయాస్ అంటారు, మన ప్రోగ్రామ్ ఇచ్చేసి నడపడం వాళ్ళకి వదిలేస్తే పాస్, రెడీగా ఉన్న సాఫ్ట్‌వేర్‌కి మనిషికింత అని కట్టి వాడుకుంటే సాస్. జీమెయిల్, జోహో బుక్స్ లాంటివి మూడో రకం. నిజం చెప్పాలంటే పది పదిహేను మంది ఉన్న ఆఫీసుకి ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) కావాలా అజూర్ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్) కావాలా అన్న చర్చే అనవసరం, వాళ్ళకి కావలసిన మెయిలూ ఫైళ్ళూ అకౌంట్సూ సాస్‌లో దొరుకుతాయి, సర్వర్ అన్న మాటే ఎత్తక్కర్లేదు. ఈ వ్యాసంలో లెక్క సొంత సర్వర్ ఉన్నవాళ్ళ కోసం, లేదా కొనబోతున్నవాళ్ళ కోసం.

పెళ్ళికి 500 మంది వస్తున్నారని ఎవరూ 500 కుర్చీలు, గుండిగలు కొనరు, టెంట్ హౌస్ నుంచి తెప్పిస్తారు, ఒక్క రోజుకి అద్దె ఎంత ఎక్కువ చెప్పినా కొనడం కంటే నయమే. అదే రోజూ 500 మందికి వండే హాస్టల్ మెస్ గుండిగలు అద్దెకి తెస్తే ఆరు నెలలు తిరక్కుండానే మునుగుతుంది. క్లౌడ్ బిజినెస్ కేస్ మొత్తం ఇంతే, మిగతాదంతా అంకెలు.

పెళ్ళి రోజు రకం లోడ్‌కి మంచి ఉదాహరణ హాట్‌స్టార్. 2019 జూలైలో ఇండియా న్యూజిలాండ్ వరల్డ్ కప్ సెమీఫైనల్‌కి ఒకే టైమ్‌లో 2.53 కోట్ల మంది చూశారు, 2023 ఫైనల్‌కి అది 5.9 కోట్లకి వెళ్ళింది. మ్యాచ్ లేని మామూలు మంగళవారం మధ్యాహ్నం అందులో చిన్న భాగం కూడా ఉండదు. ఆ ఒక్క రోజు కోసం సొంతంగా సర్వర్లు కొని పెట్టుకుంటే మిగతా ఏడాదంతా అవి ఏసీ గదిలో ఊరికే కూర్చుంటాయి. ఇక్కడ ఒక సంగతి చాలామందికి తెలియదు. లోడ్ పెరగగానే దానంతట అదే మెషిన్లు పెంచేసే ఆటో స్కేలింగ్‌ని నమ్ముకుని కూర్చోలేదని హాట్‌స్టార్ ఇంజనీర్లే చెప్పారు, ఎందుకంటే కొత్త మెషిన్ లేచి రెడీ అయ్యే లోపే లక్షల మంది అదనంగా వచ్చి పడతారు, అందుకే మ్యాచ్‌కి ముందే లెక్క వేసుకుని మెషిన్లు లేపి పెట్టుకునేవాళ్ళు. పైగా ధోనీ రనౌట్ అవ్వగానే జనం వీడియో కట్టేసి ఒక్కసారిగా హోమ్ పేజీకి వెనక్కి వస్తారు, ఆ దెబ్బ ఇంకో సర్వర్ మీద పడుతుంది. అంటే క్లౌడ్ తీసుకున్నంత మాత్రాన పీక్, అంటే లోడ్ అన్నిటికంటే ఎక్కువగా ఉండే సమయం, దానంతట అది సర్దుకోదు, పీక్ ఎప్పుడొస్తుందో తెలిసినవాడికి మాత్రం డబ్బు మిగులుతుంది.

మన దగ్గర ఇంటర్, టెన్త్ రిజల్ట్స్ రోజు కూడా ఇదే కథ. ఏడాదిలో ఒకటి రెండు రోజులు లక్షల మంది పిల్లలు, వాళ్ళ వెనక అమ్మానాన్నలు, బాబాయిలు, పక్కింటివాళ్ళు ఒకే నిమిషంలో హాల్ టికెట్ నంబర్ కొడతారు, మర్నాటికి సైట్ ఖాళీ. క్లౌడ్ కోసమే పుట్టిన లోడ్ ఏదైనా ఉందంటే ఇదే. ఇలాంటి దానికి కూడా సొంత సర్వర్ కొనాలని ఎవరైనా ఫైల్ పెడితే ఆ ఫైల్ అక్కడే ఆపాలి.

ఇప్పుడు రెండో వైపు. డ్రాప్‌బాక్స్ అమెజాన్ స్టోరేజ్ మీదే పెరిగిన కంపెనీ, కానీ ఫైళ్ళు దాచడం అనేది రోజూ ఉండే పని, డేటా పెరగడమే తప్ప తగ్గడం ఉండదు. 2015, 2016 ప్రాంతంలో వాళ్ళు యూజర్ల డేటాలో చాలా భాగం సొంత సెంటర్లకి మార్చుకున్నారు, 2018లో షేర్ మార్కెట్‌కి వచ్చేటప్పుడు ఇచ్చిన కాగితాల్లో దాని వల్ల రెండేళ్ళలో దాదాపు 7.5 కోట్ల డాలర్లు మిగిలాయని చూపించారు. బేస్‌క్యాంప్ అనే ఆఫీసు పనుల సాఫ్ట్‌వేర్ నడిపే 37సిగ్నల్స్ కూడా అంతే. 2022లో క్లౌడ్‌కి 32 లక్షల డాలర్లు కట్టి, లెక్క చూసుకుని బయటికి వచ్చేస్తున్నామని ప్రకటించి, ఆరేడు లక్షల డాలర్లు పెట్టి డెల్ సర్వర్లు కొన్నారు, ఐదేళ్ళలో 70 లక్షల డాలర్లు మిగులుతాయని మొదట అంచనా వేశారు. క్లౌడ్ వద్దనేవాళ్ళు ఈ కథని మహా ఇష్టంగా షేర్ చేస్తుంటారు, కానీ రెండు విషయాలు వదిలేస్తారు. ఒకటి, వాళ్ళ దగ్గర సర్వర్లు నడపడం తెలిసిన టీమ్ ముందు నుంచీ ఉంది, కొత్తగా ఎవర్నీ పెట్టుకోలేదు. రెండు, బిల్డింగ్ వాళ్ళు కట్టలేదు, వేరేవాళ్ళ డేటా సెంటర్‌లో చోటు తీసుకుని సొంత మెషిన్లు పెట్టుకున్నారు, దాన్నే కోలొకేషన్ అంటారు, క్లౌడ్‌కీ సొంత గదికీ మధ్యలో ఆ దారి ఒకటుందని మన దగ్గర చాలా ప్రపోజల్స్‌లో ప్రస్తావనే ఉండదు.

నెట్‌ఫ్లిక్స్ కథ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. 2008 ఆగస్టులో వాళ్ళ డేటాబేస్ పాడై, అప్పట్లో అద్దెకిచ్చే డీవీడీలు మూడు రోజులు పంపలేకపోయారు, ఆ దెబ్బకి క్లౌడ్‌కి మారాలని నిర్ణయించుకున్నారు, ఆ పని పూర్తయ్యేసరికి 2016 జనవరి వచ్చింది. ఏడేళ్ళు పట్టింది, "మూడు నెలల్లో మార్చేస్తాం" అనే వెండర్ల మాట వినేటప్పుడు ఈ అంకె గుర్తుంటే మంచిది. అయితే అంతా అమెజాన్ మీదే ఉందనుకుంటే పొరపాటు. లాగిన్, సెర్చ్, ఏ సినిమా చూపించాలి అన్న లెక్కలు అమెజాన్ మీద నడుస్తాయి, కానీ ప్లే నొక్కాక వచ్చే వీడియో మాత్రం నెట్‌ఫ్లిక్స్ సొంత పెట్టెల నుంచి వస్తుంది, ఓపెన్ కనెక్ట్ అనే పేరుతో వాటిని ఇంటర్నెట్ కంపెనీల దగ్గరే పెట్టించారు. ఎప్పుడూ భారీగా, నిలకడగా బయటికి పోయే డేటాని క్లౌడ్ మీటర్ మీద పెడితే బిల్లు ఎక్కడికి వెళ్తుందో వాళ్ళకి తెలుసు.

ఇవన్నీ పెద్ద కంపెనీల సంగతులు. మన స్థాయిలో చూద్దాం. విజయవాడలో పాతిక మంది పనిచేసే ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ అనుకుందాం, బిల్లింగ్, స్టాక్ ఒక సర్వర్ మీద నడుస్తాయి. కింద అంకెలు లెక్క కోసం వేసుకున్నవి, ఎవరి అంకెలు వాళ్ళు పెట్టుకోవాలి. సర్వర్ 3 లక్షలు, బ్యాటరీలతో యూపీఎస్ 1 లక్ష, బ్యాకప్ పెట్టె, బయటి చొరబాట్లు ఆపే ఫైర్‌వాల్ కలిపి ఇంకో లక్ష, మొత్తం 5 లక్షలు, ఐదేళ్ళకి పంచితే నెలకి 8,300. కరెంటు 400 వాట్లు రోజంతా అంటే నెలకి 288 యూనిట్లు, ఆ గది ఏసీతో కలిపి 450 అనుకుంటే యూనిట్ 10 రూపాయల లెక్కన 4,500. ఏఎంసీ, అంటే ఏడాది రిపేర్ల కాంట్రాక్టు, నెలకి 3,000. సిస్టమ్స్ చూసే కుర్రాడి జీతం 30,000, అతని టైమ్‌లో సగం ఈ సర్వర్‌కే పోతుంది కాబట్టి 15,000. మొత్తం 30,800.

ఇప్పుడు అదే పనికి క్లౌడ్‌లో 4 కోర్లు, 16 జీబీ ర్యామ్ ఉన్న లినక్స్ మెషిన్ గంటకి 20 రూపాయలు వేసుకుందాం. నెలకి 730 గంటలు, 14,600. ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన డిస్క్ 1,000 జీబీ, జీబీకి 8 చొప్పున 8,000. బ్యాకప్ కాపీలకి 2,500. కుర్రాడి టైమ్ సగం నుంచి పావుకి తగ్గిందనుకుంటే 7,500. మొత్తం 32,600. అంటే సొంత సర్వర్ కంటే ఎక్కువే అయింది! ఇక సాఫ్ట్‌వేర్ విండోస్ మీదే నడుస్తుందంటే లైసెన్స్ కలిసి మెషిన్ అద్దె దాదాపు రెట్టింపుకి వెళ్తుంది, అప్పుడు చెప్పనే అక్కర్లేదు. ఉన్న సర్వర్‌ని ఉన్నట్టే ఎత్తుకెళ్ళి క్లౌడ్‌లో పెట్టి 24 గంటలూ ఆన్‌లో ఉంచేస్తే ఇలాగే అవుతుంది, "క్లౌడ్‌కి వెళ్ళి మోసపోయాం" అనేవాళ్ళలో ఎక్కువమంది చేసేది ఇదే.

మరి ఎక్కడ తగ్గుతుంది? ఆ ఆఫీసు పనిచేసేది రోజుకి 12 గంటలు, నెలకి 26 రోజులు, అంటే 312 గంటలు. రాత్రి, ఆదివారం మెషిన్ ఆపేసే టైమర్ పెడితే 14,600 కాస్తా 6,240 అవుతుంది. ఒక్క మాట, మెషిన్ ఆపినా డిస్క్ అద్దె ఆగదు, అది వేరే మీటర్. అందుకని డిస్క్ కూడా చూడాలి, 1,000 జీబీలో రోజూ కావలసింది 300 జీబీ అయితే దాన్ని ఎస్‌ఎస్‌డీలో ఉంచి, పాత ఏళ్ళ బిల్లులు, స్కాన్‌లు ఉన్న 700 జీబీని జీబీకి రెండు రూపాయల చిల్లర పడే స్టోరేజ్‌లోకి నెడితే 8,000 పోయి 4,000 లోపు వస్తుంది. ఇప్పుడు మొత్తం 20,200 దగ్గర ఆగుతుంది. అదే రేటు కార్డు, అదే పని, 32,600 ఎక్కడ 20,200 ఎక్కడ. రాత్రిళ్ళు ఆపలేని మెషిన్ అయితే ఏడాదికో మూడేళ్ళకో కచ్చితంగా వాడతామని ముందే మాటిచ్చి డిస్కౌంట్ తీసుకోవాలి, ఆ డిస్కౌంట్ అమెజాన్‌లో గరిష్ఠంగా 72 శాతం దాకా ఉంటుందంటారు, మామూలు మెషిన్లకి ఏడాది మాటకి అంత రాదు.

ఈ లెక్కలో ఒక బొంకు కూడా ఉంది, గమనించారో లేదో. కుర్రాడి జీతంలో 7,500 మిగిలిందని రాశాం, కానీ అతను ఇంకా ఆఫీసులోనే ఉన్నాడు, జీతం 30,000 ఇస్తూనే ఉన్నారు. మిగిలిన టైమ్‌లో అతనికి ఇంకో పనికొచ్చే పని చెప్తేనే అది మిగులు, లేకపోతే కాగితం మీద మాటే. అలాగే సర్వర్ పోయినేడాదే కొనుంటే క్లౌడ్‌కి వెళ్ళినా ఆ 8,300 వెనక్కి రాదు, అది ఎప్పుడో ఖర్చయిపోయిన డబ్బు. అందుకే మారడానికి సరైన టైమ్ ఎప్పుడంటే పాత సర్వర్ వారంటీ అయిపోయి, కొత్తది కొందామా అని కొటేషన్లు తెప్పించుకునే నెల. అప్పుడు 5 లక్షలు ఒకేసారి బయటికి తియ్యాలా, నెలకి ఇరవై వేలు కట్టాలా అన్న ప్రశ్న నిజంగా ముందుంటుంది, సరుకు మీద డబ్బు తిరగాల్సిన వ్యాపారంలో ఆ 5 లక్షలు చేతిలో ఉండటానికి వేరే విలువ ఉంది. టాక్స్ విషయంలో కంప్యూటర్లకి ఏడాదికి 40 శాతం తరుగుదల చూపించుకోవచ్చు, క్లౌడ్ బిల్లు మాత్రం ఆ ఏడాది ఖర్చులోకే పోతుంది, 18 శాతం జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ వచ్చే వ్యాపారమేనా కాదా అన్నది ఆడిటర్‌ని అడగాలి.

బిల్లులో చెప్పాపెట్టకుండా చేరేవి కొన్ని ఉంటాయి. డేటా లోపలికి పంపితే ఫ్రీ, బయటికి తెచ్చుకుంటే డబ్బు, ముంబై రీజియన్ (ఒక ప్రాంతంలో ఉన్న డేటా సెంటర్ల గుంపు) నుంచి అయితే అమెజాన్‌లో నెలకి మొదటి 100 జీబీ వదిలేసి ఆపైన జీబీకి దాదాపు 11 సెంట్లు. బయటి నెట్‌లో మన మెషిన్‌ని గుర్తుపట్టే పబ్లిక్ ఐపీ అడ్రస్‌కి కూడా 2024 ఫిబ్రవరి నుంచి గంటకి అర సెంటు పడుతోంది, ఒక్కటయితే నెలకి 300 చిల్లర, పాతిక ఉంటే ఆలోచించాల్సిందే. ఎవరో టెస్టింగ్ కోసం లేపిన మెషిన్, ఉద్యోగం మానేసిన వాడి డిస్కులు నెలల తరబడి అలా తిరుగుతూనే ఉంటాయి. బడ్జెట్ అలర్ట్ పెట్టాం కదా అని నిశ్చింతగా ఉంటారు కొందరు, మామూలుగా పెట్టే అలర్ట్ మెయిల్ పంపుతుంది అంతే, మీటర్ ఆపదు. ఇంకొకటి డాలర్. బిల్లు రూపాయల్లో వచ్చినా అమెజాన్ రేటు కార్డు డాలర్లలోనే ఉంటుంది, 2016లో ముంబై రీజియన్ మొదలైనప్పుడు డాలర్ 67 రూపాయల దగ్గరుండేది, 2025 చివరికి 90 దాకా వచ్చింది. ఐదేళ్ళ లెక్క వేసేటప్పుడు రూపాయి ఇక్కడే ఆగిపోతుందనుకుని వేస్తే అది లెక్క కాదు.

2022 నవంబర్‌లో అమెజాన్ హైదరాబాద్ రీజియన్ మొదలైంది, 2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖలో ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెడతానని ప్రకటించింది. దీంతో మన ఊళ్ళోనే డేటా సెంటర్ ఉంది కాబట్టి మనకి చవకగా వస్తుందని కొందరు అనుకుంటున్నారు. రాదు. దగ్గరగా ఉంటే స్క్రీన్ కొంచెం త్వరగా స్పందిస్తుంది, డేటా దేశంలోనే ఉంచాలన్న నిబంధన ఉన్నవాళ్ళకి ముంబై కాక రెండో చోటు దొరుకుతుంది. పేమెంట్స్ డేటా ఇండియాలోనే ఉంచాలని ఆర్‌బీఐ 2018 ఏప్రిల్‌లోనే చెప్పింది, 2023లో డిజిటల్ పర్సనల్ డేటా చట్టం కూడా వచ్చింది, కస్టమర్ల వివరాలు దాచే ఎవరైనా అకౌంట్ తెరిచేటప్పుడే రీజియన్ చూసి ఎంచుకోవాలి.

భద్రత సంగతికొస్తే, "ఎవడి దగ్గరో ఎందుకు" అనే ఓనర్ భయం మొత్తం తప్పు కాదు, కానీ భయపడాల్సిన చోటు వేరు. మెట్ల కింద గదిలో ఉన్న సర్వర్ కంటే ఆ డేటా సెంటర్ గేటు వెయ్యి రెట్లు గట్టిది. 2019లో అమెరికాలో క్యాపిటల్ వన్ బ్యాంకు నుంచి దాదాపు 10 కోట్ల మంది వివరాలు బయటికి పోయాయి, అది అమెజాన్ గోడ పగలగొట్టి కాదు, బ్యాంకు వైపు ఫైర్‌వాల్ సరిగ్గా సెట్ చెయ్యకపోవడం వల్ల. బిల్డింగ్, మెషిన్ వాళ్ళ బాధ్యత, తాళంచెవి ఎవరికిచ్చాం, ఏ ఫోల్డర్ ఓపెన్‌గా వదిలేశాం అన్నది మన బాధ్యత, అగ్రిమెంట్‌లోనే అలా రాసుంటుంది. మెయిన్ అకౌంట్ పాస్‌వర్డ్ ఆఫీసులో నలుగురికి తెలిసి, ఓటీపీ కూడా పెట్టకపోతే క్లౌడ్ ఏం చేస్తుంది.

ఆగిపోవడం కూడా ఉంటుంది. 99.9 శాతం గ్యారంటీ అంటే గొప్పగా వినిపిస్తుంది గానీ నెలకి 43 నిమిషాలు ఆగినా వాళ్ళు మాట తప్పినట్టు కాదు. 2017 ఫిబ్రవరిలో ఒక ఉద్యోగి కమాండ్ తప్పు కొట్టడంతో అమెరికాలోని వర్జీనియా రీజియన్‌లో అమెజాన్ ఎస్3 కొన్ని గంటలు పడిపోయింది, 2025 అక్టోబర్ 20న అదే రీజియన్‌లో డీఎన్‌ఎస్ (పేర్లని నెట్ అడ్రస్‌లుగా మార్చే వ్యవస్థ) సమస్యతో ప్రపంచమంతా చాలా యాప్‌లు మూగబోయాయి. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటర్ ఏకంగా తగలబడిపోయింది, బ్యాకప్ కూడా అక్కడే ఉంచుకున్నవాళ్ళకి ఏమీ మిగల్లేదు.

కాబట్టి మేనేజ్‌మెంట్‌కి నోట్ రాసేవాళ్ళు "ఖర్చు తగ్గుతుంది" అని మొదలుపెట్టకపోతే మంచిది. గత ఏడాది ఏ నెలలో, ఏ గంటల్లో సర్వర్ ఎంత వాడారో ఒక గ్రాఫ్ పెట్టండి, అది కొండల్లా ఉంటే క్లౌడ్‌కి సగం వాదన అక్కడే అయిపోయింది, టేబుల్ మీద గీత గీసినట్టు ఉంటే ఖర్చు మాట వదిలేసి వేరే కారణం ఉందా చూడండి: సర్వర్ పోతే బిల్లింగ్ ఒక రోజు ఆగినందుకు ఎంత నష్టం, కొత్త బ్రాంచి గుంటూరులో తెరవాలంటే ఎన్నాళ్ళు పడుతుంది, ఆ కుర్రాడు రేపు మానేస్తే ఈ సర్వర్ పాస్‌వర్డులు ఎవరికి తెలుసు. చాలా చిన్న వ్యాపారాలకి అసలు కేస్ ఈ మూడోదే, కానీ నోట్‌లో రాయడానికి మొహమాటపడతారు. మారేటప్పుడు రెండు మూడు నెలలు పాతదీ కొత్తదీ రెండూ నడుస్తాయి, రెండు బిల్లులు కట్టాలి, అది రాయండి. వద్దనుకుంటే బయటికి రావడానికి ఎంతవుతుందో కూడా రాయండి. పూర్తిగా వదిలి వెళ్ళిపోయేవాళ్ళ దగ్గర డేటా ఛార్జీ తీసుకోబోమని 2024లో గూగుల్, అమెజాన్, మైక్రోసాఫ్ట్ మూడూ ప్రకటించాయి గానీ, వాళ్ళ సొంత డేటాబేస్‌ల మీద కట్టుకున్న సాఫ్ట్‌వేర్‌ని తిరగరాసే ఖర్చు ఎవరూ మాఫీ చెయ్యరు.

లెక్కంతా వేశాక సొంత సర్వరే నయమని తేలినవాళ్ళు కూడా బ్యాకప్ ఒక్కటి బయటికి పంపడం మంచిది. ఒక టీబీకి ముంబైలో నెలకి 2,000 నుంచి 2,500 మధ్యలో పడుతుంది, డేటాకి తాళం వేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్ వచ్చి ఆఫీసులో సర్వర్‌తో పాటు పక్కనున్న బ్యాకప్ పెట్టెని కూడా తాళం వేసేసిన రోజు ఆ కాపీ ఒక్కటే దిక్కు. మామూలు పాస్‌వర్డ్‌తో చెరపలేని విధంగా లాక్ పెట్టుకోవాలి, ఏడాదికి రెండు సార్లయినా కొంత డేటా వెనక్కి తెచ్చి తెరుచుకుంటుందో లేదో చూడాలి. మొత్తం ఒక టీబీ ఒకేసారి దించుకుంటే దాదాపు 9,000 బిల్లు వస్తుంది, ఆ లైన్ కూడా నోట్‌లో ఇప్పుడే వేసెయ్యండి.